తనంతట తాను మట్టమయ్యే గచ్చు – సెల్యులోజ్ ఈథర్ల పాత్ర



ఢిల్లీ మెట్రో పింక్ లైనులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషనులో రైలెక్కితే, అక్కడి నుంచి మూడో స్టేషను సరోజినీ నగర్. ఎక్కిన స్టేషను పేరు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ గారిది. దిగే స్టేషను పేరు హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు గారిది. ఎక్కే చోటికి దగ్గరలోనే, తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. అక్కడ చదువుకునే మన పిల్లలు తక్కువ ధరలో బట్టలు కొనుక్కోవడానికి వెళ్ళేది సరోజినీ నగర్ మార్కెట్టుకే.

ఆ మార్కెట్టు చుట్టూ దశాబ్దాలపాటు ఉన్నవి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు. 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గం దక్షిణ ఢిల్లీలోని ఏడు ప్రభుత్వ కాలనీలను పునర్నిర్మించే పథకాన్ని ఆమోదించింది. అందులో సరోజినీ నగర్ ఒకటి. ఆ ఏడు కాలనీలలో ఉన్న 12,970 పాత ఇళ్ళ స్థానంలో సుమారు 25,667 కొత్త ఇళ్ళు కట్టాలన్నది ఆ పథకం. అంటే మార్కెట్టులో నూలు చొక్కాలు, ఆ పక్కనే కాంక్రీటు అంతస్తులు.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. చొక్కాలోని నూలుకు, నేటి భవనాలలో నేలను నున్నగా మట్టం చేసే ఒక ప్రత్యేకమైన మాలుకు మూలపదార్థం ఒకటే. దాని పేరు సెల్యులోజ్. ఈ పాఠంలో ఆ సంబంధాన్ని పరిశీలిద్దాం.

గచ్చు, మట్టం

మన ఇళ్ళలో గచ్చు చేసేటప్పుడు తాపీమేస్త్రి ఏం చేస్తాడో మీరు చూసే ఉంటారు. ముందుగా నీటి ట్యూబుతో గది నాలుగు మూలలా మట్టం గుర్తులు పెట్టుకుంటాడు. సిమెంటు మాలు పరిచి, పొడవైన బద్దతో లాగి, తాపీతో నునుపు చేస్తాడు. పని ఎంత బాగా వచ్చిందన్నది ఆయన చేతివాటం మీద, ఓపిక మీద ఆధారపడుతుంది.

మందమైన బండలు పరిచే రోజుల్లో కింద కొద్దిపాటి ఎత్తుపల్లాలు ఉన్నా బండ కింది మాలులో అవి సర్దుకుపోయేవి. నేడు ఆసుపత్రులలో, కార్యాలయాలలో రెండు మూడు మిల్లీమీటర్ల మందం గల వినైల్ షీట్లు, పలుచని చెక్క పలకలు నేల మీద అతికిస్తున్నారు. వీటి కింద చిన్న గుంత ఉన్నా పైకి కనిపిస్తుంది. నేల మీద రెండు మీటర్ల బద్ద పెడితే దాని కింద మూడు మిల్లీమీటర్లకు మించి సందు కనిపించరాదని చాలా నిర్మాణ ఒప్పందాలలో రాసుకుంటారు.

ఇందుకోసం వచ్చినదే తనంతట తాను మట్టమయ్యే మాలు. దీన్నే సెల్ఫ్ లెవలింగ్ మోర్టార్ అంటారు. ఇది బస్తాలలో పొడిగా వస్తుంది. చెప్పిన కొలత ప్రకారం నీరు కలిపి, మిక్సరుతో గిలకొట్టి, నేల మీద పోస్తారు. ఇది నీటిలాగా పరుచుకొని, పల్లాలు నింపి, పది మిల్లీమీటర్ల లోపు పొరగా నిలుస్తుంది. పనివారు మేకుల రోలరుతో దాని మీద ఒకసారి దొర్లించి గాలి బుడగలు పగలగొడతారు. పోసిన తరువాత ఇరవై ముప్ఫై నిమిషాలలో పని అంతా ముగియాలి.

ఆ పొడిలో ఏమేమి ఉంటాయి? సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు, త్వరగా గట్టిపడే అల్యూమినా సిమెంటు, జిప్సం, సన్నని ఇసుక, సున్నపురాయి పొడి ఉంటాయి. అతుకు కోసం పాలిమరు పొడి, పారుదల కోసం సూపర్ ప్లాస్టిసైజరు, బుడగలు తగ్గించే పదార్థం, గట్టిపడే వేళను సవరించే లవణాలు చేరుస్తారు. వీటన్నిటితోపాటు అతి స్వల్పంగా సెల్యులోజ్ ఈథర్ కలుపుతారు. ఒక టన్ను పొడిలో ఇది సాధారణంగా కిలోకు మించదు. చాలాసార్లు అర కిలోయే ఉంటుంది.

ఇంత కొద్ది పదార్థం అంత పెద్ద పని ఎలా చేస్తుంది?

తేనె, వెన్న, ఇసుక రేణువు

పళ్ళెంలో కొంచెం తేనె పోయండి. అది మెల్లగా అయినా సరే, చివరికి సమతలంగా పరుచుకుంటుంది. అదే పళ్ళెంలో ఒక వెన్నముద్ద పెట్టండి. అది గంట గడిచినా ముద్దగానే ఉంటుంది. రెండూ చిక్కని పదార్థాలే. మరి తేడా ఎక్కడుంది?

వెన్న కదలడం మొదలుపెట్టాలంటే దాని మీద కొంత కనీస బలం పనిచేయాలి. దాని సొంత బరువు అందుకు చాలదు. తేనెకు అటువంటి కనీస బలం అవసరం లేదు. దానికి ఉన్నది కదలికను నెమ్మదింపజేసే గుణం మాత్రమే. ఈ గుణాన్ని స్నిగ్ధత అంటాం. గోడకు టైలు అంటించే మాలు వెన్నలాగా ఉండాలి, లేకపోతే టైలు జారిపోతుంది. మట్టమయ్యే గచ్చు మాలు పలుచని తేనెలాగా ఉండాలి.

సిమెంటు రేణువులు నీటిలో ఒకదానికొకటి అంటుకొని గుంపులు కడతాయి. ఆ గుంపుల వల్లనే మాలుకు వెన్న గుణం వస్తుంది. సూపర్ ప్లాస్టిసైజరు ఆ గుంపులను విడదీస్తుంది. అప్పుడు మాలు చక్కగా పారుతుంది. అయితే ఇక్కడే కొత్త చిక్కు వస్తుంది. గుంపులు విడిపోతే రేణువులను పట్టి ఉంచేది ఏదీ ఉండదు. బరువైన ఇసుక అడుగుకు దిగుతుంది, నీరు పైకి తేలుతుంది.

ఎంత వేగంగా దిగుతుంది? దీనికి స్టోక్స్ సూత్రం జవాబు చెబుతుంది. ద్రవంలో పడిపోయే చిన్న గోళపు వేగం దాని వ్యాసార్థపు వర్గానికి అనులోమానుపాతంలోను, ద్రవపు స్నిగ్ధతకు విలోమానుపాతంలోను ఉంటుంది. ఈ సూత్రంలో అంకెలు వేసి చూడండి. ఇసుక సాంద్రత నీటికి 2.65 రెట్లు. 0.1 మిల్లీమీటరు వ్యాసం గల ఇసుక రేణువు నిశ్చలమైన మంచినీటిలో ఈ సూత్రం ప్రకారం సెకనుకు సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు దిగుతుంది. మన గచ్చు పొర మందం అంతకంటే తక్కువ కావచ్చు! మాలులో రేణువులు కిక్కిరిసి ఉంటాయి కనుక అవి ఒకదానికొకటి అడ్డుపడి, దిగే వేగం బాగా తగ్గుతుంది. అయినా మాలు గట్టిపడేలోగా అడుగున ఇసుక, పైన పాలవంటి పలుచని పొర ఏర్పడే ప్రమాదం ఉంది.

కాబట్టి మనకు కావలసినది ఏమిటి? మాలు పారుతూనే ఉండాలి, అందులోని నీరు మాత్రం రేణువులను సులభంగా దిగనివ్వకూడదు. అంటే రేణువుల మధ్య ఉన్న నీటి స్నిగ్ధతను కొంచెం పెంచాలి. ఆ పని చేసేది సెల్యులోజ్ ఈథర్.

పత్తి గింజ నుంచి ఫ్యాక్టరీకి

గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాల పిల్లలకు జిన్నింగ్ మిల్లు గురించి వేరే చెప్పనవసరం లేదు. అక్కడ పత్తి నుంచి పొడవైన దూదిని వేరుచేసి బేళ్ళు కడతారు. అది నూలు అవుతుంది, బట్ట అవుతుంది, సరోజినీ నగర్ అంగడిలో చొక్కా అవుతుంది. దూది తీసిన తరువాత కూడా గింజను పొట్టి నూగు అంటిపెట్టుకొని ఉంటుంది. ఈ నూగును లింటర్ అంటారు. నూనె తీసే ముందు యంత్రాలతో దీన్ని గొరిగి తీస్తారు. వడకడానికి పనికిరాని ఈ పొట్టి నూగు, శుద్ధి చేస్తే, దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజే. సెల్యులోజ్ ఈథర్ల తయారీకి దీన్నిగాని, కలప గుజ్జునుగాని వాడతారు.

సెల్యులోజ్‌ను వృక్ష కణాల గోడలలోని ప్రత్యేక పదార్థంగా 1838లో గుర్తించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్. ఇది గ్లూకోజ్ యూనిట్లు వరుసగా కలిసి ఏర్పడిన పొడవైన గొలుసు. గొలుసులోని ప్రతి గ్లూకోజ్ యూనిట్‌కు మూడు హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. హైడ్రాక్సిల్ సమూహాలు నీటిని ఇష్టపడతాయి కదా, మరి నూలు చొక్కా నీటిలో ఎందుకు కరగదు? పక్కపక్కన ఉన్న గొలుసులు ఆ హైడ్రాక్సిల్ సమూహాల ద్వారానే ఒకదానితో ఒకటి గట్టిగా హైడ్రోజన్ బంధాలు వేసుకుంటాయి. అందువల్ల నీటి అణువులు వాటి మధ్యకు పోయి గొలుసులను విడదీయలేవు.

ఫ్యాక్టరీలో మొదట సెల్యులోజ్‌ను గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణంతో చర్య జరిపిస్తారు. గొలుసులు ఉబ్బి వదులవుతాయి. క్షారంతో నూలు ఉబ్బుతుందని కనుగొని, ఆ ప్రక్రియకు 1850లో పేటెంటు తీసుకున్నవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్. మెర్సరైజ్డ్ నూలు అనే మాట ఆయన పేరు మీద వచ్చినదే. తరువాత మిథైల్ క్లోరైడ్‌తో చర్య జరిపితే కొన్ని హైడ్రాక్సిల్ సమూహాల హైడ్రోజన్ స్థానంలో మిథైల్ సమూహం చేరి ఈథర్ బంధం ఏర్పడుతుంది. ప్రొపిలీన్ ఆక్సైడ్ కూడా కలిపితే హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్ వస్తుంది. దీన్నే క్లుప్తంగా హెచ్‌పీఎంసీ అంటారు. ఇథిలీన్ ఆక్సైడ్ వాడితే హైడ్రాక్సీఇథైల్ మిథైల్ సెల్యులోజ్ వస్తుంది. గచ్చు మాలులో వాడేవి ముఖ్యంగా ఈ రెండే.

కొత్తగా చేరిన సమూహాలు గొలుసుల మధ్యకు అడ్డు వస్తాయి. గొలుసులు మునుపటిలా దగ్గరగా చేరి బంధాలు వేసుకోలేవు. ఇప్పుడు నీరు లోపలికి వెళ్ళగలదు. కరగని నూలు కరిగే జిగురుగా మారింది.

ఈ జిగురును మీరు మరో రూపంలో చూసే ఉంటారు. కళ్ళు పొడిబారినప్పుడు వైద్యులు రాసే కొన్ని చుక్కల మందులలో హైప్రోమెల్లోజ్ అనే పేరు కనిపిస్తుంది. అది హెచ్‌పీఎంసీయే. కంటి మీద తడిని నిలపడానికి పనికివచ్చే గుణమే గచ్చులోనూ పనికివస్తోంది.

మన పెద్దలకు కూడా ఈ ఆలోచన కొత్తది కాదు. గానుగ సున్నంలో బెల్లపు నీరు, కరక్కాయ కషాయం కలిపేవారు. మొక్కల నుంచి వచ్చిన పదార్థాన్ని మాలులో కొద్దిగా కలిపి దాని స్వభావం మార్చడం అనే సూత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇప్పుడు ఆ పదార్థపు అణువును మనకు కావలసినట్టు మలచుకోగలుగుతున్నాం.

ఏ పనికి ఏ రకం?

సెల్యులోజ్ ఈథర్ గొలుసు పొడవు పెరిగితే దాని ద్రావణపు స్నిగ్ధత పెరుగుతుంది. రెండు శాతం ద్రావణాన్ని 20 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిచి, ఆ స్నిగ్ధతను బట్టి రకాలను గుర్తిస్తారు. నీటి స్నిగ్ధత ఆ ఉష్ణోగ్రత వద్ద ఒక మిల్లీపాస్కల్ సెకను. టైలు అంటించే మాలుకు పదుల వేల మిల్లీపాస్కల్ సెకన్ల రకాలు వాడతారు. మట్టమయ్యే గచ్చుకు కొన్ని వందల స్థాయి రకాలు వాడతారు. టైలు రకాన్ని పొరపాటున గచ్చులో వేస్తే మాలు పారదు, పోసిన చోటే కుప్పగా నిలుస్తుంది.

మోతాదు విషయమూ ఇంతే. తక్కువైతే ఇసుక దిగిపోయి నీరు పైకి తేలుతుంది. ఎక్కువైతే మూడు ఇబ్బందులు వస్తాయి. మాలు పారుదల తగ్గుతుంది. సెల్యులోజ్ ఈథర్‌కు సబ్బువలె నురుగు పుట్టించే గుణం కొంత ఉంది కనుక గాలి బుడగలు చిక్కుకొని ఉపరితలం మీద సూది గుంటలు పడతాయి. సిమెంటు రేణువుల చర్యను అది నెమ్మదింపజేస్తుంది కనుక గట్టిపడడం ఆలస్యమవుతుంది.

ఢిల్లీ ఎండ, దాహంగా ఉన్న స్లాబు

సెల్యులోజ్ ఈథర్‌కు రెండో బాధ్యత కూడా ఉంది. అది మాలులోని నీటిని కాపాడడం.

సిమెంటు ఆరిపోవడం వల్ల గట్టిపడదు. నీటితో రసాయన చర్య జరపడం వల్ల గట్టిపడుతుంది. ముఖ్యంగా అల్యూమినా సిమెంటు, జిప్సం కలిసినప్పుడు ఎట్రింగైట్ అనే స్ఫటికాలు త్వరగా ఏర్పడతాయి. ఎట్రింగైట్ బరువులో దాదాపు 46 శాతం నీరే. నీరు ముందే పోతే ఈ స్ఫటికాలు తగినంతగా ఏర్పడవు.

ఐదు మిల్లీమీటర్ల పలుచని పొరలో ఉన్న నీటికి ఇద్దరు శత్రువులు. కింద ఎండిన కాంక్రీటు స్లాబు స్పాంజిలాగా పీల్చుకుంటుంది. పైన వేడిగాలి ఎగరేసుకుపోతుంది. సరోజినీ నగర్‌కు దగ్గరలోనే ఉన్న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 2024 మే 29న 46.8 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అటువంటి రోజున, కిటికీలు ఇంకా బిగించని అంతస్తులో వడగాలి వీస్తుంటే ఆ పొర ఎంతసేపు తడిగా ఉంటుందో ఊహించండి.

సెల్యులోజ్ ఈథర్ గొలుసులు నీటి అణువులను తమ చుట్టూ పట్టి ఉంచి, నీరు రంధ్రాలలో కదిలే వేగాన్ని తగ్గిస్తాయి. కాని దీనికీ ఒక హద్దు ఉంది. చక్కెర వేడినీటిలో త్వరగా కరుగుతుందని మీకు తెలుసు. మిథైల్ సెల్యులోజ్ జాతి పదార్థాలు ఇందుకు విరుద్ధం. ఇవి చల్లని నీటిలో కరుగుతాయి, వేడి చేస్తే జెల్‌గా మారి విడిపోతాయి. ఫ్యాక్టరీలో వీటిని మరుగుతున్నంత వేడినీటితో కడిగి ఉప్పును తొలగించగలగడానికి కారణం ఇదే. రకాన్ని బట్టి ఈ మార్పు 50 నుంచి 90 డిగ్రీల మధ్య జరుగుతుంది. సిమెంటు నీటిలోని లవణాల వల్ల ఇంకా తక్కువ ఉష్ణోగ్రతకే జరగవచ్చు. నేరుగా ఎండ తగిలే కాంక్రీటు గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఆ స్థితిలో నీటిని పట్టి ఉంచే శక్తి తగ్గిపోతుంది. అందువల్లనే వేసవిలో ఈ పనిని తెల్లవారుజామునో సాయంత్రమో చేయాలని, కిటికీలకు పరదాలు కట్టాలని, స్లాబు మీద ముందుగా ప్రైమరు పూయాలని చెబుతారు. ప్రైమరు స్లాబు రంధ్రాలను మూసి దాని దాహం తీరుస్తుంది.

ఒక మగ్గు నీరు

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. పది చదరపు మీటర్ల గదిలో ఐదు మిల్లీమీటర్ల పొర వేయాలి. ఒక్కో చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి సుమారు 1.7 కిలోల పొడి పడుతుంది. మొత్తం 85 కిలోలు. అందులో 0.05 శాతం సెల్యులోజ్ ఈథర్ ఉందనుకుంటే, గది మొత్తానికి 42.5 గ్రాములు. గది నేలంతా ఆధారపడింది ఆ గుప్పెడు పొడి మీద.

25 కిలోల బస్తాకు లెక్కిస్తే 12.5 గ్రాములు. బస్తాకు ఐదున్నర లీటర్ల నీరు కలపాలని సూచన ఉందనుకోండి. అంటే లీటరు నీటికి సుమారు 2.3 గ్రాములు. పని చేసే వ్యక్తికి మాలు కొంచెం చిక్కగా అనిపించింది. ఎండ మండిపోతోంది, మేనేజరు తొందరపెడుతున్నాడు. అతను మరో లీటరున్నర నీరు పోశాడు. వెంటనే మాలు అద్దంలాగా పరుచుకుంది. అందరూ సంతోషించారు.

కాని నీటిలో సెల్యులోజ్ ఈథర్ గాఢత లీటరుకు 1.8 గ్రాములకు పడిపోయింది. గాఢత కొద్దిగా తగ్గితే స్నిగ్ధత అంతకంటే ఎక్కువ నిష్పత్తిలో తగ్గుతుంది. రేణువుల మధ్య దూరం కూడా పెరిగింది. ఇసుక దిగింది, నీటితోపాటు సన్నని ధూళి పైకి వచ్చింది. నెల తరువాత ఆ గచ్చు మీద చేయి రాస్తే తెల్లని పిండి అంటుకుంటుంది. దాని మీద అతికించిన షీటు ఊడివస్తుంది. చేసిన పనిని తవ్వి తీసి మళ్ళీ చేయాలి. నింద మాత్రం నీరు పోసిన కూలీ మీద పడుతుంది.

అతనికి ఆ నీటి కొలత వెనుక ఉన్న కారణం ఎవరైనా చెప్పారా? బస్తా మీది సూచనలు అతనికి రాని భాషలో, సన్నని అక్షరాలలో ఉండవచ్చు. ఎన్నో రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఢిల్లీలో కట్టడాల పని చేస్తుంటారు. చేత్తో కలిపే పాత మాలులో నీరు తగ్గించడం, పెంచడం మేస్త్రి అనుభవానికి వదిలిన విషయం. ఈ కొత్త మాలులో ఆ నిర్ణయాన్ని ప్రయోగశాలలోనే చేసి పొడిలో పెట్టారు. ఈ తేడాను పనివానికి అతని భాషలో చెప్పడం ఇంజనీరు బాధ్యత. రేపు మీలో కొందరు ఆ స్థానంలో ఉంటారు.

అతనికి ఒక సులభమైన పరీక్ష కూడా నేర్పవచ్చు. 30 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల గొట్టాన్ని గాజు పలక మీద నిలబెట్టి, మాలు నింపి, పైకి ఎత్తాలి. మాలు గుండ్రంగా పరుచుకుంటుంది. ఆ వృత్తం వ్యాసాన్ని కొలిచి, తయారీదారు చెప్పిన కొలతతో పోల్చాలి. అంచున నీటి వలయం కనిపిస్తున్నదా అన్నది కూడా చూడాలి. అంచు దాకా ఇసుక సమంగా ఉంటే మాలు మంచిది. అంచున నీరు మాత్రమే జారితే, వృత్తం ఎంత పెద్దదైనా ఆ మాలు పనికిరాదు.

మీరే చేసి చూడండి

రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో మంచినీరు, మరొకదానిలో వడగట్టి చల్లార్చిన పలుచని గంజి పోయండి. రెండింటిలో ఒక్కో చెంచా సన్నని ఇసుక వేసి బాగా కలిపి, గడియారం పట్టుకొని గమనించండి. ఇసుక ఎందులో ముందు అడుగుకు చేరింది? గంజికి ఇంకా నీరు కలిపి మళ్ళీ చేయండి. ఫలితాలను పట్టికలో రాసుకొని, గంజి గాఢతకు, ఇసుక దిగడానికి పట్టిన కాలానికి గ్రాఫు గీయండి.

ఈ పాఠంలో మనం నేర్చుకున్నవి మూడు విషయాలు. మట్టమయ్యే గచ్చులో సెల్యులోజ్ ఈథర్ రేణువులను విడిపోకుండా పట్టి ఉంచుతుంది. మాలులోని నీటిని స్లాబు నుంచి, ఎండ నుంచి కాపాడుతుంది. ఈ రెండు పనులూ సరైన రకం, సరైన మోతాదు, సరైన నీటి కొలత ఉన్నప్పుడే జరుగుతాయి.

ఈసారి మీరు నూలు చొక్కా కొన్నప్పుడు ఆ పత్తి గింజ మీద మిగిలిపోయిన పొట్టి నూగును కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. ఎవరైనా మాలులో ఇంకో మగ్గు నీరు పోయబోతుంటే, ఆపి, ఎందుకు పోయకూడదో వివరించండి.